పడవని తొయ్యొద్దమ్మా

జనవరి 9, గురువారం

బడి నుంచి ఫోన్. మందుల కౌంటరు పక్కామెకి అప్పగించి, తెల్లకోటు విప్పడం కూడా మరిచి పరుగెత్తాను. క్లాస్ టీచర్ ఆ కోటు చూసి నన్ను డాక్టరనుకున్నట్టుంది. “మీకు చెప్పేంతదాన్ని కాదు గానీ...” అని మొదలుపెట్టింది. ఆసుపత్రిలో మందులిచ్చేదాన్నని నేనూ చెప్పలేదు. కాసేపు ఆ గౌరవం బాగానే ఉంది.

ఆ తర్వాత చెప్పింది మాత్రం బాగాలేదు.

మా తూనీగ తెలివైన పిల్లేనట. నోటితో అడిగితే టకటకా చెబుతుందట. కాగితం ముందు పెడితే మాత్రం మనిషి ఇక్కడ, మనసు కిటికీ అవతల. చదివిన పేరానే మళ్ళీ చదువుతుంది, లెక్క సగంలో వదిలేస్తుంది. మొన్నటి పరీక్షలో ప్రశ్నపత్రానికి ఒకవైపు ఉన్నవన్నీ రాసి రెండోవైపు తిప్పనే లేదు. ఎందుకు తిప్పలేదంటే, “అటుపక్క కూడా ఉందని ఎవరూ చెప్పలేదు మేడమ్” అందట.

నవ్వొచ్చింది. నవ్వలేదు.

ఏడాది చివరి పరీక్షల్లోనూ ఇంతే అయితే మళ్ళీ ఇదే క్లాసులో కూర్చోబెట్టాల్సి వస్తుందంది. స్నేహితురాళ్ళంతా పై క్లాసుకి వెళ్ళిపోతే ఇది ఒక్కతీ ఇక్కడ.

తొమ్మిదేళ్ళ పిల్ల. ఒకచోట వాలదని వాళ్ళ నాన్న ఆ ముద్దుపేరు పెట్టి మురిసిపోయారు. ఇప్పుడు మురిసిపొమ్మనాలి.

జనవరి 10, శుక్రవారం

నాకేం కంగారు లేదు.

జనవరి 18, శనివారం

పిల్లల మనస్తత్వం చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చాలాసేపు పరీక్షించింది. బొమ్మల ముక్కలు పేర్పించింది, అంకెలు వెనకనుంచి చెప్పించింది, నన్ను బోలెడు ప్రశ్నలడిగింది. “వస్తువులు ఎక్కడ పెట్టిందీ మరిచిపోతుందా? ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే మధ్యలో అందుకుంటుందా?” నేను అన్నింటికీ అవునంటుంటే తూనీగ మధ్యలో దూరి, “అమ్మా, ఆ రెండోది నేను కాదు, నువ్వు” అంది. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో.

ధ్యాస నిలవని ఇబ్బంది అని తేల్చింది. బద్ధకమూ కాదు, పెంకితనమూ కాదట. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పనిని చిన్నచిన్న ముక్కలుగా చేసి ఇవ్వడం, వేళకి నిద్ర, చదవడంలో బడివాళ్ళ ప్రత్యేక సాయం. ఇవన్నీ టీచర్‌తో తనే మాట్లాడతానంది. ఆ తర్వాత న్యూరోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ సంగతి ఎత్తింది. తల మీద తీగలు అంటించి మెదడులో పుట్టే అలల్ని చూస్తారట. ధ్యాస నిలిచినప్పుడు తెర మీద బొమ్మ కదులుతుంది, జారితే ఆగుతుంది. అలా చూసుకుంటూ చూసుకుంటూ మెదడు తనంతట తనే దారిలో పడుతుందని ఆశ.

“కొంతమంది పిల్లల్లో మేలు కనబడింది. కొంతమందిలో ఏ తేడా తెలీలేదు. నిజంగా ఎంత పనిచేస్తుందో మా వాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు. ఇదొక్కటే చాలనుకోకండి,” అంది.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను: మేలు చేస్తుందట.

మిగతాది కూడా చెప్పే ఉంటాను.

జనవరి 28, మంగళవారం

మొదటి రోజు. చిన్న గది, మెత్తటి కుర్చీ, ఎదురుగా తెర. ట్రైనర్ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, గొంతు మాత్రం జోలపాడేవాళ్ళ గొంతు. టేపుతో తూనీగ తల కొలిచి, పాపిట పక్కన చల్లటి జిగురు రాసి, బిళ్ళలు అంటించి, చెవులకి క్లిప్పులు పెట్టింది.

“ఇవి నా ఆలోచనలు లాగేస్తాయా?” అని అడిగింది తూనీగ.

“లేదమ్మా. నీ తలలోకి ఏమీ పంపం, ఏమీ లాగం. మెదడు చేసే చప్పుడు వింటాయంతే. మాటలు వినబడవు.”

“హమ్మయ్య,” అంది నా వైపు చూస్తూ. ఎందుకు హమ్మయ్యో ఇంటికొచ్చాక అడగాలి.

తెర మీద ఒక నది, నదిలో పడవ, ఒడ్డున బాతులు. పడవ కదలాలి. తూనీగ బాతుల్ని చూసింది. పడవ ఉన్నచోటే ఉంది. “ఆ చివరి బాతు కుంటుతోంది అక్కా,” అంది. నిజమే, కుంటుతోంది. ఇన్నాళ్ళూ తను గమనించనే లేదని ట్రైనర్ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

వారానికి రెండుసార్లు రావాలి. మంగళ, శుక్రవారాలు.

జుట్టులో జిగురు వదలదు. మూడుసార్లు తలంటాను.

ఫిబ్రవరి 1, శనివారం

అత్తయ్యకి ఇష్టం లేదు. “పసిదాని తలకి తీగలేంటమ్మాయ్, అదేమన్నా రేడియోనా?” అంటారు.

ఈయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ ప్రశ్నకైనా సమాధానం లిఫ్టులోనే దొరుకుతుంది. “మా లిఫ్టుల నిండా తీగలేనమ్మా. ఎవరికైనా ఏమైనా అయిందా?”

“అందులో ఇరుక్కున్నవాళ్ళని అడుగు, చెబుతారు.”

ఆయన పని ఉందని బయటికి వెళ్ళిపోయారు. అప్పుడు అత్తయ్య నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. “ఆ మిషను మనసులో ఉన్నవన్నీ బయటపెట్టేస్తుందా?”

“పెట్టదత్తయ్యా.”

“అయితే సరేలే, వెళ్ళనీ,” అన్నారు, గుండెల మీది బరువు దిగినట్టు. ఈవిడ ఏం దాచారో నాకు ఇప్పుడే తెలుసుకోవాలనుంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నన్ను గదిలోంచి పంపేశారు.

నేనేం చేశానని? వెనక కుర్చీలో కూర్చున్నాను. నోరు మెదపలేదు. ఊపిరి కూడా బిగబట్టాను. పడవ కదలడం లేదని కళ్ళతోనే కాస్త ముందుకి తోస్తున్నాను. ఇంతలో ట్రైనర్ అమ్మాయి వచ్చి, “మేడమ్, ముందు గదిలో మంచి పత్రికలున్నాయి,” అంది. నాకు పత్రికలు చదివే అలవాటు లేదన్నాను. “గాలి కూడా బాగా వస్తుంది మేడమ్,” అంది.

ఇంట్లో చెబితే ఆయన, “నువ్వు నోరు మెదపనప్పుడే ఎక్కువ వినబడతావు,” అన్నారు. ఇందులో హాస్యమేముందో అత్తయ్య కూడా నవ్వారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

కదిలింది! తలుపు సందులోంచి చూశాను. (నీళ్ళసీసా ఇవ్వడానికి వెళ్ళాను, అంతే.) పడవ ఆగకుండా సాఫీగా పోతోంది. నా పిల్ల నడుపుతోంది. ట్రైనర్ అమ్మాయి ఇవాళ పక్కగదిలో కొత్తగా వచ్చిన బాబు దగ్గరా ఇక్కడా తిరుగుతోంది, ఆమె కూడా చూసి బొటనవేలెత్తి బాగుందని సైగ చేసింది.

వచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంటే నడిచే వచ్చాం. చెయ్యి పట్టుకుని ఊపుకుంటూ. తూనీగ పడవ గురించి ఏదో చెప్పింది. గుడ్ అన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున రెండు సాక్సులూ ఒకే జతవి వేసుకుంది! శిక్షణ ఫలితం.

సాయంత్రం తెలిసింది, ఆయనే వెతికి పెట్టారట. అయినా వేసుకోవాలిగా.

ఫిబ్రవరి 25, మంగళవారం

పడవ మళ్ళీ పోయింది. ఇవాళా నడిచే వచ్చాం. రేపు స్టాకు తనిఖీ, గడువు తీరిన మందులన్నీ వేరుచెయ్యాలి, దగ్గుమందు సీసాలు రెండు తేడా వస్తున్నాయి. దారంతా తూనీగ కబుర్లే. వెరీ గుడ్ అన్నాను.

మార్చి 4, మంగళవారం

క్లాస్ టీచర్ గేటు దగ్గర కనబడి తనంతట తనే పలకరించింది. “కొంచెం మార్పుందండీ. లెక్క మొదలుపెడితే పూర్తి చేస్తోంది. అన్నీ కాదు గానీ, చేస్తోంది.” ముందు బెంచీ, ముక్కలు ముక్కలుగా పని అని ఇంకా ఏదో చెప్పబోయింది. నేను అప్పటికే పడవ గురించి చెప్పడం మొదలుపెట్టాను.

ఆసుపత్రిలో కౌంటరు పక్కామెకీ, ఎక్స్‌రే ఆయనకీ, క్యాంటీన్ ఆవిడకీ చెప్పాను. ఎక్స్‌రే ఆయన వాళ్ళ అక్క కొడుకు కోసం చిరునామా రాయించుకున్నాడు. మనిషిని ముప్పుతిప్పలు పెట్టే చదువుని ఒక పడవ గట్టెక్కించిందంటే ఎవరికైనా చెప్పాలనే ఉంటుంది.

మార్చి 11, మంగళవారం

ఆసుపత్రిలో భోజనాల విరామం. తినాలనిపించక రాస్తున్నాను.

పొద్దున డాక్టరమ్మ నన్నూ ఆయన్నీ రమ్మంది. తూనీగని తీసుకురావద్దంది. ఇప్పటిదాకా జరిగిన శిక్షణ రికార్డులు తను వరసగా చూసిందట. ట్రైనర్ అమ్మాయి పక్కనే తల దించుకుని కూర్చుంది. 

చెవి క్లిప్పు తీగ లోపల తెగిందట. పైకి బాగానే కనబడుతుంది. ఫిబ్రవరి నడిమి నుంచి ఆ యంత్రానికి అందుతున్నది ఉత్త గరగర. ఆ గరగరనే అది ధ్యాస అనుకుని పడవని తోలేసింది.

“ఆ రోజుల్లో పడవ నడిచింది మీ పాప మెదడుతో కాదమ్మా,” అంది డాక్టరమ్మ. “తెగిన తీగతో. మేం ముందే కనిపెట్టాల్సింది. తప్పు మాదే.”

“మరి బడిలో మార్పు?” అన్నాను.

“అది అబద్ధమని నేననడం లేదు. టీచరే చెప్పింది కదా. యంత్రం వల్ల వచ్చిందని మాత్రం చెప్పలేను.”

మళ్ళీ మొదటి నుంచి చేస్తామంది, వద్దనుకుంటే మానేయొచ్చంది. అరుద్దామనుకున్నాను. తప్పు ఒప్పేసుకున్న మనిషి మీద ఏమని అరుస్తాం? “పిల్లల తలలతో ఆటలా?” అని ఒక్క మాట అని లేచి వచ్చేశాను. ఆ ట్రైనర్ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు.

ఎక్స్‌రే ఆయన ఇప్పుడే ఎదురుపడి వాళ్ళ మేనల్లుడి సంగతి ఎత్తాడు. పని ఉందని పక్కకి తప్పుకున్నాను.

మార్చి 12, బుధవారం

“దానికి చెప్పేద్దాం,” అంటారు ఈయన.

“ఏమని? నువ్వు చేసిందంతా నువ్వు చెయ్యలేదనా? పరీక్షలు నెత్తి మీద పెట్టుకుని?”

“లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్ళకి ఆగిపోయిందని చెప్పాలి. లేకపోతే ఇంకా ఎక్కువ భయపడతారు.”

లిఫ్టుల సంగతి నా దగ్గర ఎత్తొద్దన్నాను. సమయం చూసి నేనే చెబుతాను.

మార్చి 13, గురువారం

ఇవాళ సమయం కుదరలేదు.

మార్చి 14, శుక్రవారం

శిక్షణకి వెళ్ళలేదు. గదికి రంగులు వేస్తున్నారని చెప్పాను. “ఏం రంగు?” అని అడిగింది. లేత నీలం అన్నాను. అబద్ధానికి రంగు కూడా వెయ్యాల్సొచ్చింది.

మార్చి 16, ఆదివారం

బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతున్నాం, నేనూ తూనీగా. వాళ్ళ నాన్న చొక్కా చేతులు రెండూ ముడేసి మళ్ళీ విప్పుతూ, ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మా, పడవ పాడైందా?”

“ఎవరు చెప్పారు?”

“నేనే చెప్పానుగా.”

“ఎవరికి?”

“నీకు.” చొక్కా పక్కన పెట్టింది. “నడిచి వచ్చాం కదా ఆ రోజు. కళ్ళు మూసుకున్నా పోతోందమ్మా పడవ అని చెప్పాను. గుడ్ అన్నావు. ఇంకోరోజు కావాలనే బాతుల గురించి ఆలోచించాను. అయినా పోయింది. అది కూడా చెప్పాను. వెరీ గుడ్ అన్నావు.”

మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

“మరి ఆ అక్కకి చెప్పొచ్చుగా?”

“నువ్వు వెరీ గుడ్ అన్నావు కదా. అలాగే పోవాలేమో అనుకున్నా.” తువ్వాలు కొస సరిచేస్తూ, “పడవ పోయిన రోజు నువ్వు నా చెయ్యి ఊపుతూ నడుస్తావు,” అంది.

నేనేమో ఇన్నాళ్ళుగా పిల్లకి మాట తలకెక్కదని ఊరంతా చెప్పుకుని తిరిగినదాన్ని.

తీగ తెగిన సంగతి అంతా చెప్పాను. రంగుల సంగతీ చెప్పాను. లేత నీలం కూడా లేదా అని నిరాశపడింది. తర్వాత మెల్లగా అడిగింది: “అయితే నాకేం రాలేదా?”

“లెక్కలు ఎవరు చేశారు? టీచర్ చెప్పింది నాకు. పడవ బడికి రాలేదు కదే.”

“రాలేదు,” అంది ఆలోచించి. “అది నేనే.” మళ్ళీ చొక్కా అందుకుంది. ఆ చొక్కా మడత నా మడతకన్నా బాగా వచ్చింది. ఈ మాట శిక్షణ ఖాతాలో రాయడం లేదు.

మార్చి 18, మంగళవారం

మానేద్దామా, వెళ్దామా అని దాన్నే అడిగాను. “ఒకసారి నిజంగా నడిపి చూస్తా,” అంది. సరే, వెళ్ళాం.

ట్రైనర్ అమ్మాయి నన్ను చూడగానే లేచి నిలబడింది. మొన్న అలా అనకుండా ఉండాల్సిందన్నాను. “నేనూ తీగ చూసుకోవాల్సింది మేడమ్,” అంది. ఇప్పుడు ప్రతిసారీ ముందుగా తీగలు పరీక్షించి, రికార్డు మాకు కూడా చూపిస్తోంది. తూనీగ వేళ్ళు పెట్టి మరీ పరీక్షించింది.

పడవ నత్తలా కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. తూనీగ మొహం వెలిగిపోయింది. “ఇది ఆగుతోందమ్మా! నిజమైనది!”

చివర్లో, “మేడమ్, మీరూ ఒకసారి కూర్చుంటారా?” అంది ట్రైనర్ అమ్మాయి. నిన్ననే తలంటుకున్నానంటే ఎవరూ వినలేదు. జిగురు, బిళ్ళలు, క్లిప్పులు. ఇరవై ఏళ్ళుగా రోజూ వందలకొద్దీ చీటీలు తప్పులేకుండా చదివి మందులిస్తున్నదాన్ని, ఒక బొమ్మ పడవ నాకో లెక్కా?

కదల్లేదు. లంగరు వేసినట్టు కూర్చుంది. పళ్ళు బిగించాను. “దవడ వదులు చెయ్యండి మేడమ్.” వదులు చేశాను. భుజాలు బిగుసుకున్నాయి.

తూనీగ నా చెవి దగ్గరికి వచ్చింది. “పడవని తొయ్యొద్దమ్మా. చూడు అంతే.”

“చూస్తూనే ఉన్నాగా!”

“చూడట్లేదు. కోప్పడుతున్నావు.” నా భుజం మీద చెయ్యి వేసి, “ఆ చివరి బాతు ఎందుకు కుంటుతోందో చెప్పనా? నీళ్ళలో దిగినప్పుడు కుంటదు. ఒడ్డు మీదే. పడవ దాటి వెళ్ళాక చూడు,” అంది.

చూశాను. నిజంగానే ఆ బాతు నీళ్ళలోకి దిగుతుందా అని చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. బాతు వెనక్కి జరుగుతోంది. బాతు కాదు, పడవే ముందుకి పోతోంది.

“కదిలింది!” అని అరిచాను. ఆగిపోయింది.

ముగ్గురం పడీ పడీ నవ్వాం.

నడిచే వచ్చాం. తూనీగ బాతుల కుటుంబం కథంతా చెప్పింది. మధ్యలో ఒకసారి దగ్గుమందు సీసాలు గుర్తొచ్చాయి. “ఆగు, పెద్దబాతు ఎవరిమీద అలిగింది? మళ్ళీ చెప్పు,” అన్నాను. విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.

మార్చి 29, శనివారం

ఎక్స్‌రే ఆయనకి తీగ సంగతి పూర్తిగా చెప్పాను. డాక్టరమ్మ మొదటిరోజు అన్న మాటలు కూడా, ఈసారి మొత్తం. “ముందే ఇలా చెప్పాల్సింది కదండీ,” అన్నాడు. చెప్పాల్సింది.

ఏప్రిల్ 7, సోమవారం

పరీక్షలు మొదలయ్యాయి. నాకేం కంగారు లేదు. బస్సులో నా స్టాపు దాటి మూడు స్టాపులు పోయాను, అంతే.

ఎలా రాశావని అడగకూడదని ఇంట్లో అందరం ఒట్టు పెట్టుకున్నాం. తూనీగ గుమ్మంలో అడుగుపెట్టగానే అత్తయ్య, “ఎలా రాశావే?” అన్నారు.

“బాగానే,” అంది. వివరాల్లేవు. ఆడుకోవడానికి పోయింది. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

ఏప్రిల్ 17, గురువారం

పొద్దున బడికి వెళ్ళాను. తెల్లకోటు విప్పి మరీ వెళ్ళాను.

పై క్లాసుకి పంపిస్తున్నారు. లెక్కలు అంతంత మాత్రం, చదవడంలో సాయం వచ్చే ఏడాదీ కావాలి. అయినా పంపిస్తున్నారు. “పరీక్ష మధ్యలో చాలాసేపు బయటికే చూస్తూ కూర్చుందండీ,” అంది టీచర్. “పిలుద్దామా అనుకున్నా. ఆగి చూశాను. తనంతట తనే తల తిప్పుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.” టీచర్ ఈ మాట చెప్పి నా మొహంలోకి చూసింది, ఎంత పెద్ద విషయం చెప్పిందో నాకు తెలిసిందా లేదా అని. తెలిసింది.

ఏది పనిచేసిందో తెలియదు. బెంచీయా, నిద్రా, ముక్కలు చేసిన లెక్కలా, పడవా, నడకా. డాక్టరమ్మని అడిగితే తనకీ తెలియదంది. మొదటిసారి ఆ జవాబు నాకు నచ్చింది.

దారంతా ఆ వార్త నోట్లో పెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఇంట్లోకి వచ్చాను. హాల్లో నేల మీద తూనీగ బోర్లా పడుకుని ఉంది. వాళ్ళ నాన్న ఏదో పాత లిఫ్టు నుంచి విప్పి తెచ్చిన మీటల పలక ముందు పెట్టుకుంది. అంకెల మీటలన్నీ విప్పేసి, తుడిచి, ఒక్కొక్కటీ దాని గూట్లో పెడుతోంది. పెట్టి నొక్కుతుంది. సరిగ్గా ఎగిరి పైకి వస్తే తర్వాతది. రాకపోతే తీసి మళ్ళీ. నాలిక కొస పెదవి మీదికి వచ్చి ఉంది. నేను చెప్పులు విప్పిన చప్పుడు కూడా వినబడలేదు.

పిలవబోయాను. నోరు తెరిచాను కూడా.

అత్తయ్య లోపలి నుంచి వస్తూ, “ఏమైందమ్మాయ్, బళ్ళో ఏమన్నా...” అన్నారు. చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ కూడా తూనీగని చూసి, చప్పుడు చెయ్యకుండా గోడవారగా కూర్చున్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆవిడ కళ్ళతోనే నన్ను అడిగారు. నేను తల ఊపాను. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

చివరి మీట మొండికేసింది. తీసింది, ఊదింది, తిప్పి పెట్టింది. నొక్కింది. టిక్కుమని పైకి వచ్చింది.

అప్పుడు తలెత్తింది. “అమ్మా! ఎప్పుడొచ్చావ్?”

“ఇప్పుడే,” అన్నాను.